నవ్యశ్రీ పక్క కుర్చీ

ఆ గురువారం లత వచ్చేసరికి ఆమె కుర్చీలో ఈదమ్మ కూర్చుని ఉంది.

కుర్చీలన్నీ ఒకటే రకం ప్లాస్టిక్‌వి. శామీర్‌పేట మహిళా సంఘం గదిలో గుండ్రంగా వేస్తారు. కానీ నవ్యశ్రీ పక్క కుర్చీ మాత్రం లతది. ఎవరూ రాసివ్వలేదు, అయినా అందరికీ తెలుసు. లత ఎదురుగా ఖాళీగా ఉన్న కుర్చీలో కూలబడింది. అక్కణ్నుంచి నవ్యశ్రీ ముఖం కనిపిస్తుంది గానీ చేయి అందదు.

తాగుబోతు భర్తలతో వేగుతున్న ఆడవాళ్ల బృందం అది. నవ్యశ్రీ సోషల్ వర్క్ చదువుతున్న పిల్ల. చదువులో భాగంగా వారానికోసారి వచ్చి వీళ్లను కూర్చోబెట్టి మాట్లాడిస్తుంది. ఒకరు చెప్పాలి, మిగతావాళ్లు వినాలి. సలహాలివ్వకూడదు, ఫోన్ చూడకూడదు. అంతే పద్ధతి.

లత మేడ్చల్ నుంచి ఆటోలో వస్తుంది. మొదట పక్కింటి జంగమ్మ తోడు రమ్మంటే వచ్చింది. కొన్నాళ్లకు జంగమ్మ మానేసింది, లత మానలేదు. నిజానికి జంగమ్మ మానేశాకే లతకు నోరు పెగిలింది. ఇంట్లో ఆమె మాట వినేవాళ్లు లేరు. ఇక్కడ ఇంతమంది ఊపిరి బిగబట్టి వింటుంటే ఆమెకు కళ్లు తిరిగినంత పనైంది. భర్త సాయినాథ్ జీడిమెట్లలో డ్యూటీ దిగి తూలుతూ రావడం, కంచం విసిరికొట్టడం, వానలో బయటికి గెంటడం చెప్పుకొచ్చింది. అందరూ ఏడ్చారు. నవ్యశ్రీ చేయి పట్టుకుంది.

ఏ గుంపులోనైనా మనుషుల తత్వాన్ని బట్టి ఒకరు ముందు నడుస్తారట, ఒకరు ఓదారుస్తారట, ఒకరు మూలన కూర్చుంటారట. నవ్యశ్రీ ఒకసారి ఇదంతా వివరించి, "మన గ్రూపును నడిపిచ్చేది లతక్కనే" అంది. ఆ మాటను లత పటికబెల్లంలా చాలా రోజులు చప్పరించింది.

అలాంటి చోటికి ఈ ఈదమ్మ వచ్చింది. చెరువులో చేపలు పట్టే గండయ్య భార్య. ఆమెకు సరిగ్గా మాట్లాడటం కూడా రాదు. రెండు ముక్కలు చెప్పి కొంగు నోట్లో కుక్కుకుంటుంది. ఆ రెండు ముక్కలకే గది గదంతా కరిగిపోతుంది. గండయ్య వల అమ్ముకుని తాగాడని ఈదమ్మ చెప్తే, సాయినాథ్ గ్యాస్ బండ అమ్మేశాడని లత చెప్పింది. ఎవరూ అయ్యో అనలేదు. ఈదమ్మ చేతి మీది కాలిన మచ్చ చూపిస్తే నవ్యశ్రీ కళ్లు తుడుచుకుంది. లత తన చేతులు చూసుకుంది. నున్నగా ఉన్నాయి. ఆఖరికి మచ్చను చూసి కూడా కుళ్లుకుంటున్నందుకు ఆమెకే సిగ్గేసింది. ఆ సిగ్గు ఆటో ఎక్కేదాకా కూడా నిలవలేదు.

పైగా ఈదమ్మకు లత అంటే జాలి. ఒకరోజు వెళ్తున్నదాన్ని ఆపి, కవర్లో చేపలు పెట్టి చేతికిచ్చింది.

"వండిపెట్టు చెల్లె. కడుపు నిండితే జర సల్లవడతడేమో."

ఆ మంచితనానికి లతకు ఒళ్లు మండింది. ఇంటికొచ్చి పులుసు పెడితే సాయినాథ్ ఫోన్ చూసుకుంటూ తిన్నాడు. చేపలు ఎక్కడివని కూడా అడగలేదు.

ఇప్పుడు తన కుర్చీ కూడా పోయింది. అది చాలదన్నట్టు నవ్యశ్రీ ఆ రోజు ఓ మంచి కబురు చెప్పింది. తనే ఈదమ్మ ఇంటికి వెళ్లి గండయ్యతో మాట్లాడిందట. మందు మాన్పించే ఆస్పత్రికి వస్తానని గండయ్య ఒప్పుకున్నాడట. అందరూ చప్పట్లు కొట్టారు. ఈదమ్మ తల వంచుకుని ఏడుస్తుంటే నవ్యశ్రీ ఆమె భుజం చుట్టూ చేయి వేసింది.

ఆ చేయి చూసేసరికి లతకు ఉండబట్టలేదు.

"మా ఇంటికెందుకు రారు మేడం? మేం మనుషులం కాదా?"

చాలా రోజుల తర్వాత అన్ని ముఖాలూ ఆమె వైపు తిరిగాయి. లతకు ప్రాణం లేచొచ్చింది.

"ఆదివారం వస్త అక్కా" అంది నవ్యశ్రీ. "అన్న ఇంట్లనే ఉంటడు గద?"

ఆటోలో కూర్చున్నాక గానీ తానేం చేసిందో లతకు తెలిసిరాలేదు. నవ్యశ్రీ వస్తే సాయినాథ్‌తో మాట్లాడుతుంది. ఇన్నాళ్లూ గదిలో చెప్పినవన్నీ అతని ముందు పెడుతుంది. అప్పుడు తన గతేమిటి? మళ్లీ ఆ గదిలో అడుగు పెట్టడం ఉంటుందా? రావద్దని ఫోన్ చేద్దామనుకుంది. చేస్తే ఆ కుర్చీ ఇక ఈదమ్మకే ఖాయం. చేయలేదు.

ఆదివారం నెత్తిన కొంగు కప్పుకుని వైన్ షాపుకు వెళ్లింది. తెలిసినవాళ్లెవరూ చూడలేదు. క్వార్టర్ సీసా తెచ్చి, మంచం మీద కూర్చున్న సాయినాథ్ ముందు పెట్టింది.

అతను సీసాను చూశాడు, ఆమెను చూశాడు.

"శామీర్‌పేట మేడం వస్తాంది" అంది లత. "గిది తాగు. ఆమె వొయ్యేదాంక ఏం మాట్లాడకు. నీకు దండం పెడ్త."

"గామె వస్తే నీకేమొస్తది?"

లత సీసాను అతని వైపు ఇంకాస్త జరిపింది.

"నేను చెప్తే ఇంటది."

సాయినాథ్ ఫోన్ పక్కన పెట్టాడు. పెళ్లాం ముఖంలోకి అలాగే చూస్తూ ఉండిపోయాడు. బయట ఆటో ఆగింది. లతక్కా అని నవ్యశ్రీ పిలుస్తోంది. అతను సీసా అందుకుని మూత తిప్పాడు.

పుట్టి బుద్ధెరిగి ఏనాడూ మందు ముట్టని సాయినాథ్, ముక్కు మూసుకుని మొదటి గుక్క మింగాడు.