సగం చుట్ట

జామెట్రీ బాక్సులో వృత్తలేఖిని పక్కన రెండు చుట్టలు దొరికాయి.

పెట్టె నాగేంద్రమ్మది. పదో తరగతి, పదిహేనేళ్లు. దివిసీమ ఉప్పెన తర్వాతి ఫిబ్రవరి అది. తిరువూరుకు బదిలీ మీద వచ్చి నెలైనా కాని సుబ్బలక్ష్మి టీచరు, పిల్లను పక్కకు తీసుకెళ్లి గొంతు తగ్గించి అడిగింది. ఎవరూ నేర్పలేదట. మొదట్లో వాంతులయ్యాయట. రెండు నెలలైందట. ఇప్పుడు మధ్యాహ్నం గంట కొట్టేసరికి చేతులు వణుకుతున్నాయట.

"మానేస్తావా?"

"ఇప్పుడప్పుడే కుదరదండి."

టీచరుకు కోపం రాలేదు. భయమేసింది. హెడ్మాస్టరు చెవిన పడితే, పబ్లిక్ పరీక్షలు నెలలో పెట్టుకుని పిల్ల పేరు కొట్టేస్తారు. సాయంత్రం తనే ఇంటికి వెళ్లింది.

వీధి తలుపు గడియ వేసి ఉంది. దొడ్డిదారిన వెళ్లింది. నడిమింట్లో మంచం మీద నాయనమ్మ పిచ్చమ్మ. చూపు పోయి ఆరేళ్లు, తుంటి విరిగి ఏడాది. చేతుల నిండా ఎర్రగాజులు. నుదుట పెద్ద బొట్టు, ఎవరో శ్రద్ధగా దిద్దింది. నాగేంద్రమ్మ టీచరునని చెప్పుకుంది.

మూసి ఉన్న ముందుగదిలోంచి చుట్ట వాసన వస్తోంది. మంచం కిర్రుమంది. ఎవరో దగ్గారు.

"మా ఆయన చుట్టది," అంది పిచ్చమ్మ. "పక్షవాతమొస్తే బెజవాడ తీసుకెళ్లారు. తిరిగి తెచ్చామన్నాడు మా అబ్బాయి అంకారావు. మాట పడిపోయిందన్నాడు. పొద్దుగూకేసరికి ఈ వాసనొకటి వస్తది."

మనవరాలెక్కడని అడిగితే, తాత గదిలో ఉందని చెప్పింది.

టీచరుకు సంగతి అర్థమైంది. తాతకు ముట్టించీ ముట్టించీ పిల్లకు అంటుకుంది. వచ్చిన పని మెల్లగా చెప్పింది. బాక్సు సంగతి, చేతుల వణుకు సంగతి.

పిచ్చమ్మ గాలి పీల్చి వాసన చూసింది.

"యాభై ఏళ్ల కాపురం అమ్మా. ఆయన ఏనాడూ చుట్ట చివరికంటా కాల్చలా. సగంలో ఆర్పి చెవి మీద పెట్టుకునేవాడు. ఈ రెండు నెలలూ కొసదాకా కాలతంది. మాడు వాసన తెలవదా నాకు?"

"జబ్బు మనిషి కదండీ. మర్చిపోతుంటారు."

"నేనే ఊరుకున్నాలే. నాక్కూడా ఆ వాసన కావాల్సొచ్చింది."

ముందుగది వైపు తిరిగి, నాగేంద్రం, ఇట్రా అని పిలిచింది.

పిల్ల వచ్చి మంచం పట్టె మీద కూర్చుంది. టీచరును చూసి తల దించుకుంది. పిచ్చమ్మ దాని వేళ్లు ముక్కు దగ్గర పెట్టుకుంది. చెంపలు తడిమింది. ఎండిన పెదవుల మీద బొటనవేలితో నెమ్మదిగా రాసింది.

"ఇయ్యాళ్టితో చుట్ట మానెయ్ తల్లీ," అంటూ రెండు చేతులూ మనవరాలి ఒళ్లో పెట్టింది, "ఈ గాజులు తీసి, నా బొట్టు చెరిపెయ్."