పరవని చాప

ఎసెజా చాపను బూడిద నీళ్లతో రుద్దుతోంది.

"మళ్లీనా?" అంది పక్కింటి నన్యోంగ, కంచె మీదుగా తొంగిచూసి.

"మళ్లీనే. ముసలమ్మ పుణ్యమా అని రోజూ ఇదే చాకిరీ."

"పోన్లే వదినా. కవలలతో కలిపి పక్క తడిపేవాళ్లు ముగ్గురన్నమాట!"

నన్యోంగ పగలబడి నవ్వింది. ఎసెజాకు నవ్వు రాలేదు.

ముసలమ్మ పేరు నకిబూలె. సరస్సు వైపు నుంచి వచ్చింది. పడవ మునిగి కొడుకు పోయాడట. వానలో వాకిట నిలబడితే, కవలలను ఎత్తుకోవడానికి ఒక మనిషి తోడుంటుందని ఎసెజాయే ఉండమంది. తిండి, పడుకోవడానికి చోటు, అంతే. ఇంటిల్లిపాదీ ఆమెను జాజా అనేవారు, నానమ్మ అన్నట్టు.

కవలలు పుట్టిన ఇల్లు. చూడ్డానికి వచ్చేవాళ్లు వస్తూనే ఉన్నారు. వచ్చిన ప్రతి పెద్ద మనిషికీ ఆ కవలలను కన్న కోడలు నమ్యాలో చాప మీద మోకరిల్లాలి, కుశలం అడగాలి, లేవాలి. అంతలో ఇంకొకరు. మోకాళ్లు వంచని కోడలిని ఆ ఊళ్లో ఎవరూ కోడలనరు.

జాజా ఎప్పుడూ నమ్యాలోను ఆనుకునే కూర్చునేది. అందరూ లేచి వెళ్లాక చాప మీద తడి మచ్చ కనబడేది.

"నేనేనమ్మా. ముసలిదాన్ని. ఒళ్లు నా మాట వినడం లేదు" అనేది జాజా, ఎవరూ అడగకముందే.

ఒకరోజు ఎసెజా చిరుగు చాప ఒకటి తెచ్చి ఆమె ముందు పడేసింది.

"ఇకనుంచి దీని మీదే పడుకో. వసారాలో."

"అలాగేనమ్మా."

"పెద్దల ముందు ఇలాంటి పని చేశావో, మూట సర్దుకోవాల్సిందే."

"నాకు ఇంకెక్కడుంది తల్లీ చోటు?" అంది జాజా.

వంటింట్లో మాత్రం ఆమె మాట చెల్లేది. నమ్యాలో అరటికాయలు చెక్కు తీసి, ఆకుల్లో మూటకడుతుంటే పక్కన కూర్చుని చెప్పేది.

"బిగించు. అలా పట్టి ఉంచు. ఊపిరి ఆపకు. ఇప్పుడు మెల్లగా వదులు. మళ్లీ."

"మూట కట్టడం కూడా నేర్పకుండానే పోయిందా నీ మేనత్త?" అని ఎసెజా గుమ్మంలోంచి దెప్పేది.

నమ్యాలో తల దించుకునేది.

ఆడపిల్లకు ఒంటి సంగతులు చెప్పాల్సింది మేనత్త. తల్లితో ఆ మాటలు మాట్లాడకూడదు. అత్తగారితో అసలే కూడదు. నమ్యాలోకు పెళ్లి కుదిరాక, పెళ్లి కాకముందే ఆ మేనత్త చనిపోయింది. కోడలి మేనత్త వస్తే పరవాలని ఎసెజా స్వయంగా అల్లిన రంగుల చాప, చుట్టింది చుట్టినట్టే గోడకు ఆని ఉంది.

కవలలకు పేర్లు పెట్టే వేడుక రోజు వచ్చింది.

ఆ ఒక్కరోజూ మొరటు పాటలు పాడాలి, సిగ్గుపడకూడదు. నన్యోంగ గొంతెత్తింది. కులపెద్ద భార్య కూడా కళ్లనీళ్లు వచ్చేట్టు నవ్వింది. మోకరిల్లి ఉన్న నమ్యాలో నవ్వి, నవ్వి, ఉన్నట్టుండి ఆగిపోయింది.

కులపెద్ద భార్య తన పట్టు బుసూటి గౌను అంచు పైకి లాగింది. అంచు తడిసింది.

"ఇదేమిటి? ఎవరు?"

"నేనే తల్లీ" అంది జాజా.

ఇంకో రకం నవ్వు మొదలైంది.

"ఇంకో పేరు కూడా పెట్టండర్రా! కవలలకు తోబుట్టువు దొరికింది" అంది నన్యోంగ.

నమ్యాలో ఏదో అనబోయింది. జాజా చటుక్కున ఒక బిడ్డను ఆమె చేతుల్లో పెట్టింది.

"తెల్లారేసరికి నువ్వు నా కంటబడకూడదు" అంది ఎసెజా.

తెల్లారేసరికి జాజా లేదు. వాకిలి మాత్రం ఊడ్చి ఉంది.

ఎసెజా చిరుగు చాపను తగలబెడదామని పెరట్లోకి ఈడ్చింది. నిప్పు పెట్టబోయి ఆగింది. చాపను తిప్పి చూసింది. ముక్కు దగ్గర పెట్టుకుంది.

ఎండుటాకు వాసన తప్ప మరేమీ లేదు. ఇన్ని రాత్రులు పడుకున్న చాప. ఒక్క మచ్చ లేదు.

వంటింట్లోకి వెళ్లింది. అరటికాయల మూట అప్పటికే పొయ్యి మీద ఉడుకుతోంది. నమ్యాలో చేతులు ఒళ్లో ఖాళీగా పెట్టుకుని కూర్చుంది. పెదవులు మాత్రం కదులుతున్నాయి.

"బిగించు. పట్టి ఉంచు. మెల్లగా వదులు."

పొగకు దగ్గొచ్చింది. ఆమె కూర్చున్న చోట చాప తడిసి నల్లబడింది.

ఇద్దరూ ఆ మచ్చ వైపే చూశారు.

"నేను చెప్పేస్తానన్నాను అత్తమ్మా" అంది నమ్యాలో. "జాజాయే వద్దంది. ఈ ఇంట్లో నువ్వు ఇంకా చాలా కాలం బతకాలి, నాదేముంది అంది. ఇలా పొత్తికడుపు కింద బిగించి వదలడం రోజూ చేస్తే తగ్గుతుందట. తగ్గుతోంది కూడా... మునుపటంత లేదు."

పొయ్యిలో కట్టె చిటపటలాడింది.

"ఆమెది ఏ ఊరు?" అంది ఎసెజా.

"సరస్సు వైపని..."

"సరస్సు ఒడ్డున ఎన్ని ఊళ్లు లేవు! ఏ ఊరే?"

నమ్యాలోకు తెలియదు. ఆ ఇంట్లో ఎవరూ ఆమెను అడగలేదు.

ఎసెజా లోపలికి వెళ్లింది. కోడలి మేనత్త కోసం అల్లిన రంగుల చాపను గోడ దగ్గర్నుంచి తీసి, దుమ్ము దులిపి, తలకెత్తుకుని, గుమ్మం దాటి సరస్సు దారి పట్టింది.