నీళ్లిచ్చినా థ్యాంక్స్

మా ఆయన మస్కట్ నుంచి వచ్చి వారమైంది. నీళ్లిస్తే థ్యాంక్స్, అన్నం వడ్డిస్తే థ్యాంక్స్. మా ఇచ్చోడలో ఆ మాట పరాయివాళ్లకు చెప్తారు. సొంత మనుషులకు ఎవరూ చెప్పరు.

మా అత్త శంకరవ్వ నన్ను వంటింట్లోకి పిలిచింది. "జర కనిపెట్టుకొని ఉండు పిల్లా. కట్టుకున్నదాన్ని సుట్టం లెక్క జూస్తుండు. ఆడ ఎవతో నేర్పింది."

నా అనుమానమూ అదే. ఆయన స్నానానికి వెళ్లినప్పుడు ఫోన్ వెతికాను. ఏ ఆడమనిషి ఫొటో లేదు. అయినా మనసు ఊరుకోలేదు.

ఈ రోజు చాయ్ ఇచ్చాను. మళ్లీ థ్యాంక్స్ అన్నాడు. తల వంచుకునే అడిగాను.

"గా మాట ఎవరు నేర్పిండ్రు?"

ఆయన కప్పు కింద పెట్టాడు.

"ఆఫీసుల పని అని చెప్పిన గదా. గా ఆఫీసుల నేను చాయ్ అందించెటోన్ని. నాలుగేండ్లు ఎవ్వరూ నా మొకం దిక్కు సూడలే. ఒక్క ముసలి సారు మాత్రం కప్పు తీసుకున్నప్పుడల్లా గా మాట అనేటోడు. రోజూ ఆయనకే ముందుగాల ఇచ్చెటోన్ని."

గొంతు తగ్గించాడు.

"అవ్వకు చెప్పకు."