శొంఠి ఇంట్లో బాదం గింజ

దగ్గరికి జరగండి తల్లీ, పొయ్యి పక్కన చోటుంది. చర్ల దగ్గర ఒక ఇంట్లో క్రిస్మస్ నాడు జరిగిన ముచ్చట ఇది. ఊళ్ళోకి కరెంటు అప్పుడప్పుడే వచ్చిన రోజులు.

ఆ ఇంట్లో ఏటా క్రిస్మస్‌కు తినే ఇల్లు కట్టేవారు. అమ్మమ్మ ఎప్పుడో మిషన్ దవాఖానా దొరసాని దగ్గర నేర్చుకున్న విద్య. సరుకు మాత్రం మనదే. బియ్యప్పిండి, బెల్లం పాకం, ఘాటుగా శొంఠి. ఆ ముద్దను పలకలుగా ఒత్తి, పెనం మీద ఎర్రగా కాల్చి గోడలు నిలబెట్టేవారు. పైకప్పుకు అరిసెలు. అతుకులకు ముదురు పాకం.

గోడలో ఒకే ఒక్క బాదం గింజ దాచేవారు. అది ఎవరి నోటికొస్తే వాళ్ళింటికి ఆ ఏడు దేవుడే చుట్టమై వస్తాడని అమ్మమ్మ చెప్పేది. అమ్మమ్మ పోయింది గానీ ఆనవాయితీ పోలేదు. పెద్దమ్మ, దావీదు మామ, ప్రమీల చిన్నమ్మ, తోడబుట్టిన ముగ్గురూ పండగకు పెద్దమ్మ ఇంట్లో చేరతారు.

గింజ దాచేదీ, ముక్కలు పంచేదీ అందరిలోకీ చిన్నదైన ఎస్తేరు. కళ్ళు మూసుకుని దాచాలి. ఏడేళ్ళ పిల్ల చేతిలో మోసం ఉండదని పెద్దల నమ్మకం.

ఈసారి ఎస్తేరు మోసం చేసింది. ఓరకంట చూస్తూ మెత్తటి పలకలో గింజ గుచ్చి, గుర్తుగా కాసిని నువ్వులు అద్దింది. అది చిన్నమ్మకే రావాలి. పొద్దున చర్చికి పోయేముందు చిక్కు తీసి, కనకాంబరాలు పెట్టి జడ వేసింది చిన్నమ్మే మరి. అంత మెత్తటి చెయ్యి ఎస్తేరు ఎరగదు.

నిరుడు గింజ మామకొచ్చింది. ఆ రోజంతా అత్త మామతో మాట్లాడలేదు. తనకు రాలేదని కుళ్ళు కాబోలు అనుకుంది ఎస్తేరు.

ఇల్లు పగిలింది. మోదుగాకుల్లో ముక్కలు పడ్డాయి. నువ్వుల ముక్క చిన్నమ్మ ఆకులోకి చేరింది. ముగ్గురూ అన్నంలో రాయి వెతికినట్టు మెల్లమెల్లగా నమిలారు.

"ఏందక్కా, గంత భయపడుకుంట తింటున్నవ్?" మామ ఎగతాళి.

"నీ బుగ్గల దాసుకున్నవో ఏమో, ముందు నువ్వు నోరు తెర్వురా!" అంది పెద్దమ్మ.

చిన్నమ్మ దవడ ఆగింది. ఎస్తేరు ముందుకు జరిగి చూసింది. చిన్నమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుని, గుటుక్కున మింగి, చెంబెడు నీళ్ళు తాగింది.

"నాకు రాలే."

"నాకూ రాలే," అంది పెద్దమ్మ. మామా తల అడ్డంగా ఊపాడు.

"గట్లెట్ల? చిన్నమ్మా, నీ ముక్కలనే ఉండె గద!"

"అబద్ధాలాడితే కండ్లు పోతయ్, పోరీ!"

చెంప ఛెళ్ళుమంది. పొద్దున జడ వేసిన చెయ్యే.

పెద్దమ్మా మామా ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. మెల్లగా ఇద్దరి మొహాలూ వికసించాయి.

"ఎవలకూ రాకుంటే ఇగ హాస్టలే," అంటూ మామ లేచి, గడప పక్కనున్న ఎస్తేరు చిన్న రేకు పెట్టె భుజానికెత్తుకున్నాడు.

ఈ ముచ్చట మీ పిల్లలకు చెప్పేటప్పుడు ఇదొక్కటి మరవకండి తల్లీ: అమ్మమ్మ పోయినప్పటి నుంచి ఆ ఇంట్లో బాదం గింజ ఎవరి నోటికొస్తే, తల్లీ తండ్రీ లేని ఎస్తేరును ఆ ఏడు సాకే వంతు వాళ్ళది.