గోనెపట్టా చప్పుడు

తెల్లారితే మానవపాడు అవతలి చేలో గుర్రాల పందెం. రజియాబీ తమ గుర్రపు కొట్టం గడప మీద కూర్చుంది. భర్త నబీ సాబ్ చనిపోయి నెల కాలేదు. పందెం ముందు రాత్రి ఆయన గోనెపట్టాతో గుర్రాన్ని తెల్లవార్లూ రుద్దేవాడు. ఆ పట్టా ఇప్పుడు ఆమె ఒళ్లో ఉంది.

పందేలు కాయించే శేఖర్ బెల్లం ముద్ద పట్టుకొని వచ్చాడు. అందులో మత్తుమందు ఉందని ఇద్దరికీ తెలుసు.

"జర తినిపించు చాచీ. గుర్రం కొంచెం మందగిస్తది, అంతే. నీకూ ఫాయిదానే."

"మీ చాచా ఉన్నప్పుడు నీ బెల్లాన్ని ఈ గడప దాటనిచ్చిండా?"

"చాచా లేడు గదా ఇప్పుడు."

"గుర్రం ఉన్నది. ఓడితే దాని కాళ్లతోని ఓడాలె, నీ మందుతోని కాదు."

శేఖర్ నవ్వి ఆమెను దాటబోయాడు. అప్పుడే చీకటి కొట్టంలో చప్పుడు మొదలైంది. సర్... సర్... గోనెపట్టాతో వీపు రుద్దుతున్న చప్పుడు. గుర్రం హాయిగా సకిలించింది.

శేఖర్ ఆమె ఒళ్లోని పట్టా వైపు చూశాడు.

"లోపల ఎవరున్నరు?"

 రజియాబీ వెనక్కి తిరిగి చూడలేదు. లేచి, గడప వదిలి పక్కకు జరిగింది.

"పో బిడ్డా. నువ్వే పోయి తినిపించు."

లోపల చప్పుడు ఆగింది.