తలుపు ఒప్పుకోని జుట్టు

విశాఖ సముద్రం మీద నుంచి పొగమంచు మెల్లగా పాకివస్తున్న ఉదయం. నూకరత్నం తన రింగుల జుట్టును ఉన్నదున్నట్టు వదిలేసి, శాసనసభ కమిటీ కూర్చున్న హాలు ముందు నిలబడింది. తలుపులే మనుషుల్ని చూసి తెరుచుకునే కాలమది. జుట్టు నున్నగా కనబడితేనే తెరుచుకుంటాయి. అలాంటి తలుపుల దగ్గరే ఆమెకు మూడు ఉద్యోగాలు పోయాయి. జుట్టును బట్టి మనిషిని వెనక్కి పంపకూడదని చట్టం చెయ్యమని అడగడానికే వచ్చింది.

"తల చక్కదిద్దుకుని రండమ్మా," అంది తలుపు, జోలపాడినంత తియ్యగా.

తల్లి పైడమ్మ సంచిలోంచి, రింగుల్ని సాగదీసే వేడిదువ్వెన తీసింది. రోజూ దానితో తల దువ్వాకే కూతుర్ని బడికి పంపేది. "ఒక్క గంటకేనే. సాపు చేసెత్తాను, లోపలికెల్లి అడుగు."

"సాపు చేసుకెల్లి ఏటని అడగనే అమ్మా?"

లోపలి నుంచి మూడుసార్లు పేరు పిలిచారు. నూకరత్నం కదల్లేదు. చివరికి కమిటీ అధ్యక్షురాలు వసుంధరాదేవే బయటికొచ్చి, "ఎంతసేపమ్మా, రావేం?" అంది విసుగ్గా. ఆమె వెనక తలుపు మూసుకుంది.

పొగమంచు వసుంధరాదేవి తలను తాకింది. పొద్దున్నే సాపు చేసుకున్న జుట్టు, నిద్రలేచిన తీగలా పాయ తర్వాత పాయ మెలితిరిగి, చెవుల చుట్టూ రింగులు కట్టింది. ఆమె వెనుదిరిగింది.

"తల చక్కదిద్దుకుని రండమ్మా," అంది తలుపు.

పైడమ్మ జాలిపడి దువ్వెన అందించబోయింది. వసుంధరాదేవి దానివంక చాలాసేపు చూసింది. తర్వాత మెట్టు మీద చతికిలబడి, కాగితాలు ఒళ్లో పెట్టుకుంది.

"చెప్పు తల్లీ. ఇక్కడే రాసుకుంటాను."