ఐదు కాట్లు

“ఒక్కటైనా కుట్టిందా?” కాగితాల్లోంచి తల ఎత్తకుండానే అడిగింది డాక్టరమ్మ.

“లేదండీ,” అన్నాడు గుమాస్తా ఏడుపు గొంతుతో.

అతని చెయ్యి పావుగంట నుంచీ దోమల కప్పు మీదే ఉంది. కప్పు మూతికి పల్చటి వలగుడ్డ, లోపల మలేరియా దోమలు. నెల క్రితం అతను వేయించుకున్న కొత్త టీకా పనిచేస్తుందో లేదో తేలాలంటే ఐదు దోమలు కుట్టాలి. కుడితే మూడు వారాలు వార్డులో ఉంచి రోజూ రక్తం పరీక్షిస్తారు. మంచం దగ్గరికే భోజనం, ఎదురుగా టీవీ.

సైన్సు మీద ప్రేమ పొంగి వచ్చాడనుకునేరు! రేపు వాళ్ళు ఇల్లు మారుతున్నారు. మూడో అంతస్తు, లిఫ్టు లేదు, నిలువెత్తు ఇనప బీరువా ఉంది. ఇల్లు మారే ఆ తేదీ పెట్టింది కూడా ఈ మహానుభావుడే.

“నీ దోమలకేం రోగమొచ్చిందే?” అని భార్యని కసిరాడు. ఆవిడ ఉద్యోగం అక్కడి దోమల గదిలోనే. భూతద్దం కింద ఒక్కో దోమనీ చూసి, ఏరి కప్పుల్లో వేసేది ఆవిడే.

“నన్నంటారేమండీ? పొద్దున్నే వచ్చి మీకోసమని ప్రత్యేకంగా ఏరాను,” అంది నొచ్చుకుంటూ.

“రక్తం తాగితేగానీ గుడ్లు పెట్టలేవు. తాగక ఎక్కడికి పోతాయి?” అంది డాక్టరమ్మ. “వాసన సబ్బేమైనా రాసుకున్నారా?”

“మూడు రోజుల నుంచీ స్నానమే లేదండీ!”

“అది మాత్రం నిజం,” అంది భార్య ముక్కు మూసుకుని.

వేడినీళ్ళ గుడ్డతో చెయ్యి వెచ్చబెట్టారు. లాభం లేదు. చెమట వాసనకి వస్తాయేమోనని అతని మేజోడే విప్పించి కప్పు పక్కన పెట్టారు. డాక్టరమ్మ కుర్చీ రెండడుగులు వెనక్కి జరిగింది గానీ దోమలు మాత్రం కదల్లేదు.

గుమాస్తా కప్పులోకి తొంగిచూశాడు. “రండి తల్లీ, మీకు పుణ్యముంటుంది! ఒక్క కాటు! అబ్బ, గుబురు మీసాలేసుకుని ఎంత దర్జాగా కూర్చున్నాయో!”

అరగంటయ్యాక డాక్టరమ్మ కలం మూసేసింది. “మీ ఒళ్ళు వీటికి గిట్టలేదు. మీరిక ఇంటికెళ్ళండి. ఎవరైనా తప్పుకుంటే పనికొస్తాడని టీకా వేసి ఉంచిన మనిషి ఉన్నాడుగా, పిలవండి.”

భార్య ఇంకో కప్పు తెచ్చింది. ఆ మనిషి చెయ్యి పెట్టిన రెండు నిమిషాల్లో ఐదు కాట్లూ పడ్డాయి. అది చూసి గుమాస్తాకి కడుపు మండిపోయింది.

“పోనీలెండి, మన రాత,” అని ఓదార్చింది భార్య. “దార్లో బీరువాకి తాళ్ళు కొనుక్కెళ్ళండి. నేనీ కప్పులు లోపల పెట్టి వస్తాను.”

అతను కాళ్ళీడ్చుకుంటూ వెళ్ళాడు. ఆవిడ దోమల గదిలోకి వెళ్ళి, తలుపేసుకుని, మొగుడికిచ్చిన కప్పు గుడ్డ విప్పింది. లోపలి దోమల్ని పంచదార నీళ్ళ దూది పెట్టిన వాటి పంజరంలోకి జాగ్రత్తగా వదిలింది.

అన్నీ మగదోమలే.